బుడగ ఎందుకు పగులుతుంది? పిల్లలతో ఒక ప్రాజెక్టు డైరీ

మొదటి రోజు

ఏడేళ్ల నుంచి పన్నెండేళ్ల వయసున్న ఎనిమిది మంది పిల్లలతో సబ్బు బుడగల ప్రాజెక్టు ఈ రోజు మొదలైంది. బుడగలు ఎలా చేయాలో నేర్పించి, మధ్యమధ్యలో కాస్త సైన్సు చెబితే చాలునని అనుకుని వచ్చాను. అరగంట గడవకముందే అందరికన్నా చిన్నదైన పాప ఒక ప్రశ్న వేసి ఆ ఆలోచనను పూర్తిగా మార్చేసింది: "టీచర్, ఇది ఎందుకు పగిలిపోతోంది?" పలుచగా ఉంటుంది కాబట్టి పగులుతుందని వెంటనే జవాబు చెప్పాను. పలుచని కాగితం ఎవరూ ముట్టుకోకుండా దానంతట అది చిరిగిపోదు కదా అని ఇంకో అబ్బాయి అన్నాడు. వాడి మాట న్యాయమే. అందుకని ఈ ప్రాజెక్టు మొత్తాన్ని ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే నడపాలని అందరం కలిసి నిర్ణయించుకున్నాం.

రెండు నియమాలు పెట్టుకున్నాం. ఏ ప్రయోగమైనా చేసే ముందు ఏం జరుగుతుందని అనుకుంటున్నారో ప్రతి ఒక్కరూ తమ పుస్తకంలో రాసుకోవాలి. రాసినది తప్పని తేలినా కొట్టివేయకూడదు. రెండోది, ఒక్క బుడగను చూసి ఏదీ తేల్చకూడదు, కనీసం పది బుడగల సమయం చూడాలి.

ద్రావణం చాలా సాదాది: ఒక లీటరు నీటిలో 100 మిల్లీలీటర్ల గిన్నెలు తోమే ద్రవసబ్బు. గాలిలో ఎగిరే బుడగ దేనికి తగిలి పగిలిందో చెప్పలేం కాబట్టి, ద్రావణంతో తడిపిన పళ్లెం మీద స్ట్రాతో అరగోళంలా ఊదే పద్ధతిని ఎంచుకున్నాం. అడుగున ఎనిమిది సెంటీమీటర్ల వెడల్పు వచ్చేలా పళ్లెం కింద ఒక వృత్తం గీసిన కాగితం పెట్టడంతో బుడగలన్నీ దాదాపు ఒకే పరిమాణంలో వచ్చాయి. చిన్నపిల్లలు పొరపాటున ద్రావణాన్ని పీల్చకుండా ప్రతి స్ట్రాకూ పైభాగంలో సూదితో ఒక చిన్న రంధ్రం చేశాను. పీల్చితే గాలే లోపలికి వస్తుంది, ఊదడానికి మాత్రం ఇబ్బంది ఉండదు. ఒలికిన ద్రావణం మీద కాలు జారుతుంది కనుక నేల మీద పాత గుడ్డలు పరిచాం.

పది బుడగల సగటు ఆయువు 23 సెకన్లు. అతి తక్కువ 6, అతి ఎక్కువ 41. ఒకే ద్రావణంతో, ఒకే పళ్లెం మీద, ఒకే చేత్తో ఊదిన బుడగల మధ్య ఇంత తేడా ఎందుకుందన్నది పుస్తకంలో రెండో ప్రశ్నగా చేరింది.

రెండో రోజు

ఉత్త నీటితో బుడగ ఎందుకు రాదన్న దానితో మొదలుపెట్టాం. ఎనిమిది మందిలో ఏడుగురు "నీటికి బలం లేదు, సబ్బు బలాన్నిస్తుంది" అని రాశారు. చాలామంది పెద్దవాళ్లూ ఇలాగే అనుకుంటారు. నిజానికి జరిగేది దాదాపు దీనికి వ్యతిరేకం. నీటి ఉపరితలంలోని అణువులు ఒకదాన్నొకటి లాక్కుంటూ ఉపరితలాన్ని బిగువుగా ఉంచుతాయి. దీన్నే తలతన్యత అంటారు. గది ఉష్ణోగ్రత దగ్గర శుద్ధమైన నీటి తలతన్యత మీటరుకు సుమారు 72 మిల్లీన్యూటన్లు. సబ్బు కలిపితే అది 25 నుంచి 30 వరకూ పడిపోతుంది. అంటే సబ్బు నీటి బిగువును మూడో వంతుకు దగ్గరగా తగ్గిస్తుంది.

బిగువు తగ్గితే పొర ఎలా నిలుస్తుందని పెద్దపిల్లలు పట్టుబట్టి అడిగారు. దీనికి చూపించగలిగిన జవాబు ఇవ్వాలనిపించి దారం ప్రయోగం చేశాం. తీగతో చేసిన వలయానికి సబ్బు పొర పట్టించి, దాని మీద ముడి వేసిన ఒక మెత్తని దారపు ఉచ్చును తడిపి వదిలాం. ఉచ్చు వంకరటింకరగా, సోమరిగా పొర మీద పడుకుని ఉంది. దాని లోపలి పొరను మాత్రమే పొడి పెన్సిలు మొనతో పగలగొట్టగానే దారం ఒక్కసారిగా కచ్చితమైన వృత్తంగా బిగిసింది. ముందు కూడా బయటి పొర దారాన్ని లాగుతూనే ఉంది, కానీ లోపలి పొర అంతే బలంతో ఎదురు లాగడం వల్ల ఆ లాగుడు కనబడలేదు. ఈ ప్రయోగాన్ని పిల్లలు పదకొండుసార్లు చేయించారు.

సబ్బు పొర ప్రతి క్షణం కుంచించుకోవాలనే చూస్తుందని ఆ దారం చూపించింది. అయితే కుంచించుకోవాలని చూసే పొర అన్నిచోట్లా సమానంగా లాగకపోవడమే దాన్ని కాపాడుతుంది. సబ్బు అణువుకు ఒక కొస నీటిని ఇష్టపడుతుంది, పొడవాటి రెండో కొస నీటికి దూరం జరుగుతుంది. అందుకే పొరకు రెండు వైపులా సబ్బు అణువులు తలలు నీటిలో ఉంచి, తోకలు గాలిలోకి చాచి బారులు తీరి నిలబడతాయి. వాటి మధ్యలో ఉండేది నీరే. పొర ఎక్కడైనా సాగి పలుచనైతే అక్కడ సబ్బు అణువులు ఎడంగా జరుగుతాయి, అక్కడి తలతన్యత పెరుగుతుంది, చుట్టుపక్కల నుంచి ద్రవం అటు లాగబడి ఆ పలుచన పూడుతుంది. 19వ శతాబ్దపు ఇటలీ శాస్త్రవేత్త కార్లో మరంగోని పేరు మీద దీన్ని మరంగోని ప్రభావం అంటారు. ఉత్త నీటికి ఈ సర్దుబాటు లేదు. కాబట్టి సబ్బు ఇచ్చేది బలం కాదు, గాయం మాన్పుకునే శక్తి. పిల్లలకు ఈ మాట చెప్పడం కన్నా వాళ్లు రాసిన "బలం" అనే పదం పక్కన వాళ్ల చేతే ఈ కొత్త మాట రాయించడం ఎక్కువ ఉపయోగపడింది.

నాలుగో రోజు

మూడో రోజు ద్రావణం చెడిపోవడంతో ఏమీ సాగలేదు. ఉత్సాహంతో గరిటె పెట్టి గిలక్కొట్టారు, పైన జానెడు నురగ లేచింది, నురగ అంటుకున్న వలయానికి పొర సరిగా పట్టలేదు. ఈ రోజు కోసం కొత్త ద్రావణాన్ని ముందు రాత్రే నెమ్మదిగా కలిపి ఉంచాను; నురగ అణిగిపోయి ద్రావణం తేటగా ఉంది. నీరు కూడా మార్చాం. కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉన్న కఠిన జలంలో సబ్బు తెట్టు కడుతుంది. గిన్నెలు తోమే ద్రవాల్లో ఉండేది ఎక్కువగా డిటర్జెంటు కాబట్టి వాటికి ఆ బాధ కొంత తక్కువే, అయినా స్వేదన జలం వాడితే ఒక సందేహం తీరిపోతుంది.

ఈ రోజు పరీక్షించింది ఆరిపోవడాన్ని. మూడు పాత్రల్లో ఒకే ద్రావణం పోసి, ఒకదానికి ఏమీ కలపకుండా, రెండోదానికి లీటరుకు 50 మిల్లీలీటర్ల గ్లిజరిన్, మూడోదానికి 200 మిల్లీలీటర్లు కలిపాం. గ్లిజరిన్ నీటిని పట్టి ఉంచుకుంటుంది, గాలిలోని తేమను కూడా తనలోకి తీసుకుంటుంది. మొదటి పాత్ర సగటు 26 సెకన్లు, రెండోది 74 సెకన్లు. మూడోదాని మీద పిల్లలు పెద్ద ఆశలే పెట్టుకున్నారు. నాలుగు రెట్లు గ్లిజరిన్ కాబట్టి ఐదు నిమిషాలు నిలుస్తుందని ఒకడు రాశాడు. ద్రావణం చిక్కబడి ఊదడమే కష్టమైంది, వచ్చిన బుడగల సగటు 58 సెకన్ల దగ్గర ఆగింది. ఎక్కువ వేస్తే ఎక్కువ మేలన్న లెక్క ఇక్కడ చెల్లదని వాళ్ల అంకెలే వాళ్లకు చెప్పాయి.

తర్వాత మొదటి పాత్రలోని ద్రావణంతోనే బుడగ ఊది, దాని మీద తడిపిన గాజు సీసాను బోర్లించాం. గ్లిజరిన్ ఒక్క చుక్క కూడా లేని ఆ బుడగ నాలుగు నిమిషాల పది సెకన్లు నిలిచింది. సీసాలోని గాలి తేమతో నిండి ఉండటంతో పొరలోని నీరు ఆవిరి కాలేదు, గాలి కదలిక కూడా తాకలేదు. మొదటి రోజు 6 సెకన్లకూ 41 సెకన్లకూ మధ్య ఉన్న తేడాకు ఫ్యాను గాలి ఒక కారణం కావచ్చని ఇద్దరు పిల్లలు తామే పట్టుకున్నారు. ఆ రోజు ఫ్యాను తిరుగుతున్న సంగతి నాకు గుర్తే లేదు. వాళ్లలో ఒకరు మాత్రం దాన్ని పుస్తకంలో రాసుకున్నారు.

ఐదో రోజు

తాకడం గురించి క్లుప్తంగా రాస్తాను. పొడి వేలు తగిలితే బుడగ పగులుతుంది. అదే వేలిని ద్రావణంలో ముంచి గుచ్చితే పగలదు, వేలు చుట్టూ పొర అతుక్కుని చేయి లోపలికి వెళ్లిపోతుంది. పొడి వస్తువు పొరలోని ద్రవాన్ని తన వైపు లాగేసుకుంటుంది, చర్మం మీది జిడ్డు సబ్బు అణువుల వరుసను చెదరగొడుతుంది. ఉన్ని చేతితొడుగు మీద మాత్రం బుడగ బంతిలా ఎగిరింది, ఎందుకంటే అక్కడ అది ఆనుకునేది నూగు కొసల మీద మాత్రమే. చేతులు సబ్బుతో కడుక్కుని రావాలన్న నియమాన్ని పిల్లలే పెట్టుకున్నారు.

ఆరో రోజు

పగలడానికి కారణం వెతుకుతూ ఆకారాల దగ్గరికి వచ్చాం. దారి తప్పుతున్నామని ముందు అనుకున్నాను, కానీ పొర దేని కోసం పాకులాడుతుందో తెలియకుండా అది ఎందుకు తెగుతుందో అర్థం కాదు.

చదరంగా, గుండ్రంగా, త్రికోణంగా, నక్షత్రంలా వంచిన తీగలతో ఊదితే ఏ ఆకారంలో బుడగలు వస్తాయని అడిగాను. చిన్నవాళ్లు నలుగురూ నక్షత్రపు బుడగ వస్తుందని బొమ్మ కూడా గీశారు. అన్నింటి నుంచీ గోళాలే వచ్చాయి. లోపల ఉన్న గాలి పరిమాణం మారనప్పుడు దాన్ని అతి తక్కువ ఉపరితల వైశాల్యంతో చుట్టగలిగేది గోళమే, పొరకు కావలసిందీ అదే.

తర్వాత చేసిన ప్రయోగం ఈ ప్రాజెక్టు అంతటిలోనూ నాకు అన్నింటికన్నా ఇష్టమైనది. రెండు పారదర్శకమైన ప్లాస్టిక్ పలకల మధ్య నాలుగు చిన్న పుల్లలను, 10 సెంటీమీటర్ల చదరపు మూలల్లో నిలబెట్టి అతికించాను. నాలుగు ఊళ్లను కలుపుతూ అతి తక్కువ పొడవైన రోడ్డు వేయాలంటే ఎలా వేస్తారని పిల్లలను అడిగాను. మూడు భుజాల వెంట వేస్తే 30 సెంటీమీటర్లు అవుతుంది. మూల నుంచి మూలకు రెండు కర్ణాలు గీస్తే సుమారు 28.3. ఇంతకన్నా తగ్గించడం సాధ్యం కాదని పెద్దవాళ్లు ముగ్గురూ గట్టిగా చెప్పారు. పలకలను ద్రావణంలో ముంచి తీయగానే మధ్యలో ఒక చిన్న గీత, దాని రెండు కొసల నుంచీ చెరి రెండు పాయలు చీలి పుల్లలకు చేరాయి. స్కేలుతో కొలిచి కూడితే 27 సెంటీమీటర్ల పైన కొద్దిగా వచ్చింది. గణితం ప్రకారం రావలసింది 27.3. కోణమానినితో కొలిస్తే పాయలు కలిసే ప్రతిచోటా 120 డిగ్రీలే. పన్నెండేళ్ల అమ్మాయి పలకలను మళ్లీ మళ్లీ ముంచి, ప్రతిసారీ అదే కోణం వస్తోందని నిర్ధారించుకున్నాకే వదిలింది.

బెల్జియం భౌతిక శాస్త్రవేత్త జోసెఫ్ ప్లాటో ఈ నియమాలను 19వ శతాబ్దంలో ప్రయోగాలతో కనుగొని 1873లో గ్రంథంగా ప్రచురించాడు. మూడు పొరలు ఒక అంచు వెంట 120 డిగ్రీల కోణంలో కలుస్తాయి. అలాంటి నాలుగు అంచులు ఒక బిందువు దగ్గర సుమారు 109.5 డిగ్రీలతో కలుస్తాయి. అప్పటికి ఎన్నో ఏళ్ల ముందే ఆయన చూపు పోయింది. ఇతరులు ప్రయోగాలు చేసి కనబడినది చెబుతుంటే, ఆయన విని ఆలోచించి నియమాలు చెప్పాడు. ఈ సంగతి విన్నాక పిల్లలు తమంతట తాము ఒక ఆట మొదలుపెట్టారు: ఒకరు కళ్లు మూసుకోవాలి, ఇంకొకరు తీగ ఘనంలో పట్టిన పొరను మాటల్లో వర్ణించాలి. "మధ్యలో చిన్న చదరం ఉంది, దాని మూలల నుంచి పొరలు తీగలకు పోతున్నాయి" అని చెప్పడానికి ఎంత జాగ్రత్తగా చూడాలో ఆ ఆటలో తెలిసింది. ప్లాటో నియమాలకు గణిత నిరూపణ 1976లో అమెరికన్ గణిత శాస్త్రవేత్త జీన్ టేలర్ చేతుల్లో వచ్చింది.

చివరగా రెండు బుడగలను ఒకే గొట్టానికి రెండు కొసల్లో ఊది, మధ్యలో బిగించిన క్లిప్పు వదిలాం. ఒకటి పెద్దది, ఇంకొకటి చిన్నది. రెండూ సమానమవుతాయని ఎనిమిది మందీ రాశారు. చిన్న బుడగ ఇంకా చిన్నదై, తనలోని గాలినంతా పెద్దదానికి ఇచ్చేసింది. ఒక్క క్షణం గదిలో ఎవరూ మాట్లాడలేదు. బుడగ ఎంత చిన్నదైతే లోపల పీడనం అంత ఎక్కువ: ఒక సెంటీమీటరు వ్యాసార్ధం గల బుడగలో బయటికన్నా సుమారు 10 పాస్కళ్లు, ఐదు సెంటీమీటర్ల దానిలో సుమారు 2 పాస్కళ్లు ఎక్కువ ఉంటుంది. లక్ష పాస్కళ్లు దాటే వాతావరణ పీడనం ముందు ఇది లెక్కలోకి రాదు, అయినా గాలి ఎటు పోవాలో తేల్చడానికి అది చాలు.

ఇక మా ప్రశ్న విషయానికొస్తే, పొరలో పడిన రంధ్రం పొర మందంతో పోల్చదగినంత చిన్నదైతే మూసుకుపోగలదు. అంతకన్నా బాగా పెద్దదైతే చుట్టూ ఉన్న పొర లాగుడుకు తెరుచుకుంటూనే పోతుంది. ఒక మైక్రోమీటరు (మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం గల పొరలో ఆ రంధ్రపు అంచు సెకనుకు సుమారు ఏడు మీటర్ల వేగంతో పరుగెడుతుంది. పగలడం మన కంటికి చిక్కకపోవడానికి కారణం అదే.

ఎనిమిదో రోజు

ఏడో రోజు ఆరుబయట పెద్ద బుడగలు చేశాం. రెండు కర్రలకు నూలు తాడు ఉచ్చులా కట్టి, లీటరు నీటికి రెండు గ్రాముల గ్వార్ గమ్ (గోరుచిక్కుడు గింజల నుంచి తీసే జిగురు) పొడి కలిపిన ద్రావణం వాడాం. పొడిని నేరుగా నీటిలో వేస్తే ఉండలు కడుతుంది కనుక ముందు కొంచెం గ్లిజరిన్‌లో కలిపి తర్వాత నీరు పోయాలి. దాని అణువులు పొడవాటి గొలుసులు. ఒకదానితో ఒకటి చిక్కుపడి, పొర సాగుతున్నప్పుడు తెగకుండా పట్టి ఉంచుతాయి. వేర్వేరు పొడవులున్న గొలుసులు కలిసి ఉంటే పొర ఇంకా బాగా నిలుస్తుందని అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయ భౌతిక శాస్త్రవేత్తలు 2020లో ప్రచురించారు. పిల్లల కన్నా పొడవైన బుడగలు వచ్చాయి, కానీ ఆ రోజు కొలతలు ఏవీ తీయలేదు. ఒక రోజు అలా గడవడం మంచిదేనని నా అభిప్రాయం.

ఈ రోజు మళ్లీ గదిలోకి వచ్చి రంగులను చూశాం. నల్లని అట్ట ముందు తీగ వలయాన్ని నిలువుగా నిలబెట్టి, తెల్ల కాగితం వెనుక పెట్టిన దీపం వెలుగు పొర మీద పడేలా అమర్చాం. పొరకు ముందు తలం నుంచి తిరిగివచ్చే వెలుగు, వెనుక తలం నుంచి తిరిగివచ్చే వెలుగు కలిసినప్పుడు కొన్ని రంగులు బలపడతాయి, కొన్ని చెరిగిపోతాయి. ఏ రంగు మిగులుతుందన్నది పొర మందం మీద ఆధారపడుతుంది. అంటే ఆ రంగుల చారలు మందాన్ని చూపే పటం. నీరు కిందికి జారుతున్న కొద్దీ గులాబీ, ఆకుపచ్చ చారలు మెల్లగా కిందికి దిగాయి, వాటి వెనుక పైనుంచి నీలం, పసుపు, తర్వాత వెండి లాంటి తెలుపు వచ్చాయి. ఆ వెండి తెలుపు దగ్గర పొర మందం సుమారు 100 నానోమీటర్లు, అంటే మైక్రోమీటరులో పదో వంతు.

ఆ తర్వాత పైఅంచున నల్లని మచ్చ కనబడింది. అక్కడ పొర పగిలిపోయిందని ముగ్గురు అరిచారు. చిన్నపాప మాత్రం, పగిలితే మొత్తం పోవాలి కదా అని మెల్లగా అంది. అది రంధ్రం కాదు. పొర 30 నానోమీటర్ల కన్నా పలుచనైనచోట ముందు తలం నుంచి వచ్చే తరంగం తలకిందులై, వెనుక తలం నుంచి వచ్చేదాన్ని దాదాపు పూర్తిగా చెరిపేస్తుంది. వెలుగేదీ తిరిగిరాదు కాబట్టి నల్లగా కనబడుతుంది. తల వెంట్రుక మందంలో అది రెండు వేలో వంతు కూడా ఉండదు. 1672లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ రాయల్ సొసైటీ అనే లండన్ శాస్త్రవేత్తల సంఘానికి ఈ నల్లని మచ్చల గురించి చెప్పాడు. 1704లో అచ్చయిన గ్రంథంలో న్యూటన్ కూడా వీటిని వర్ణించాడు. గాలి కదలికకు రంగులు చెదరకుండా బుడగ మీద గాజుమూత పెట్టి చూశాడు. నాలుగో రోజు సీసా బోర్లించిన ఇద్దరు పిల్లలకు ఈ మాట చెప్పినప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి.

నల్లమచ్చ కనబడిన దగ్గర నుంచి పొర పగిలేదాకా ఎంత సమయం పడుతుందో ఇరవై పొరలకు లెక్కించాం. చాలా వరకు పది సెకన్ల లోపే పగిలాయి, రెండు మాత్రం నిమిషం దాటాయి.

తొమ్మిదో రోజు

వెడల్పు మూతి గాజుసీసా అడుగున కొద్దిగా గ్లిజరిన్ ద్రావణం పోసి, లోపల తీగ వలయం మీద పొర పట్టించి, మూత బిగించాం. ఆరకుండా, దుమ్ము పడకుండా, ఎవరూ తాకకుండా ఉంచితే పొర ఎంతసేపు బతుకుతుందన్నదే ప్రశ్న. థర్మాస్ ఫ్లాస్కుకు మూలమైన శూన్యపాత్రను తయారుచేసిన జేమ్స్ డ్యూయర్ తన చివరి ఏళ్లలో ఇలాంటి దీర్ఘాయువు గల సబ్బు పొరల మీదే పనిచేశాడు.

మధ్యాహ్నం 12:10కి మొదలైంది. సాయంత్రానికి పొర పైసగం నల్లబడింది, అయినా నిలిచే ఉంది. రాత్రి 9:10కి చివరిసారి చూసినప్పుడు కూడా ఉంది. ఉదయం 6:10కి లేదు. పగలడం ఎవరూ చూడలేదు. పట్టికలో రాయడానికి రెండింటి మధ్య అంకె తీసుకుని పదమూడున్నర గంటలు అందామని నేనన్నాను. పన్నెండేళ్ల అమ్మాయి ఒప్పుకోలేదు. మొదలైన తొమ్మిది గంటలకు ఉందని తెలుసు, పద్దెనిమిది గంటలకు లేదని తెలుసు, పదమూడున్నర దగ్గర ఏం జరిగిందో తెలియదు, అందుకని తెలిసినదే రాద్దామంది. పట్టికలో "9 గంటల కన్నా ఎక్కువ, 18 గంటల కన్నా తక్కువ" అని రాసింది. వచ్చే వారం సీసా ముందు ఫోను నిలబెట్టి, నిమిషానికొక ఫొటో తీసేలా అమర్చే పని ఇద్దరు పిల్లలకు అప్పగించాను.